ఆదివారం చర్చికి వెళ్లొచ్చి కూడా ఇల్లంతా అలసిపోతోంది, ఏం చేయాలి?

వందనాలు అమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఇదీ: హైదరాబాదులో భార్యాభర్తలిద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, ఇంట్లో అత్తగారు. ఆదివారం పది గంటల ఆరాధనకు వెళ్లి ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. అప్పుడు బిర్యానీ పెట్టి, గిన్నెలు తోమి, హోంవర్కు చేయించి, సోమవారానికి యూనిఫాంలు ఇస్త్రీ చేసేసరికి రాత్రి పది. "విశ్రాంతి దినం అంటారు గానీ నాకు వారంలో అన్నిటికంటే బరువైన రోజు అదే" అని రాశారు. పాప చర్చి పేరెత్తితే మొహం ముడుచుకుంటోందనీ, అత్తగారికి బిర్యానీ లేని ఆదివారం ఆదివారంలా ఉండదనీ కూడా రాశారు.

మాది ఒంగోలు. ప్రభుత్వ బడిలో ముప్పై మూడేళ్లు పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాను. ఆదివారాల్లో సండే స్కూల్ చెప్పడం మాత్రం ఇంకా మానలేదు. మావారు రైల్వేలో చేసేవారు, చాలా ఏళ్లు విజయవాడ రైల్వే క్వార్టర్సులో ఉన్నాం. ముగ్గురు పిల్లల్ని పెంచాను. మీరు రాసిన ఆదివారాన్ని నేను కనీసం పదేళ్లు గడిపాను కాబట్టి ధైర్యంగా జవాబు రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆదివారం విశ్రాంతి శనివారం సాయంత్రమే సిద్ధం కావాలి. ఆదివారం పొయ్యి వీలైనంత తక్కువ వెలగాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండు గంటలు ఇంట్లో ఎవరికీ ఏ పనీ ఉండకూడదు, మీకు కూడా. ఈ మూడూ కుదిరితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. మూడూ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటిదానితో మొదలుపెట్టి నాలుగైదు వారాలు చూడండి.

ఇక ఎందుకో చెబుతాను.

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, అంటే ఇప్పుడు మీ పాప వయసే, ఒక ఆదివారం రాత్రి జడ విప్పుతుంటే అంది: "అమ్మా, నాకు సోమవారమే ఇష్టం. సోమవారం నువ్వు అరవవు." అది చదివేది నేను పనిచేసే బడిలోనే. బడిలో నన్ను చీర కుచ్చిళ్లు చెదరకుండా, నెమ్మదిగా మాట్లాడే టీచరుగా చూసేది. ఆదివారం పొద్దున మాత్రం "జడ వేసుకోలేదా, బైబిలెక్కడ, కానుక డబ్బులేవి, ఆటో వచ్చేసింది" అని అరిచే అమ్మను చూసేది. ఆ అరుపులు అయిన పావుగంటకే నేను సండే స్కూల్లో నిలబడి "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి; నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అనే వాక్యం పిల్లల చేత కంఠతా చెప్పించేదాన్ని. పక్క వరుసలో కూర్చుని అది నా మొహం చూసేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దారి చూపించింది మా బడిలో సైన్సు చెప్పే తోటి టీచరు. ఆమె అడ్వెంటిస్టు. వాళ్లకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా. శుక్రవారం సాయంత్రం బడి విడిచిపెట్టగానే ఆమె నడకే మారిపోయేది. ఇంటికి వెళ్లి, చీకటి పడేలోగా వంట, స్నానాలు, బట్టలు, ఇల్లు ఊడవడం అన్నీ ముగించేది. ఒకసారి ఏదో రిజిస్టరు కావాలని శుక్రవారం ఏడు గంటలకు వాళ్లింటికి వెళ్లాను. నలుగురూ చాప మీద కూర్చుని పాట పాడుకుంటున్నారు. వంటింట్లో గిన్నెలు మూతలు పెట్టి ఉన్నాయి. పొయ్యి చల్లగా ఉంది. నాకు ఆదివారం అంటే తెల్లారగట్ల లేచి మొదలుపెట్టే పరుగు. ఆమెకు విశ్రాంతి దినం అంటే అప్పటికే ముగిసిన పని. ఏ రోజు ఆచరించాలన్న విషయంలో మా రెండు సంఘాల బోధ వేరు, ఆ వాదన ఇక్కడ అక్కర్లేదు. సిద్ధపాటు మాత్రం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత బైబిలు తెరిస్తే ఇది ఎప్పటినుంచో అక్కడే ఉంది. నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసినప్పుడు ఆరో రోజున మనిషికి ఒక ఓమెరుకు (అదొక కొలత) బదులు రెండు ఓమెర్లు ఏరుకున్నారు. కాల్చుకునేది కాల్చుకోండి, వండుకునేది వండుకోండి, మిగిలింది రేపటికి ఉంచుకోండి అని మోషే చెప్పాడు. మామూలు రోజుల్లో మర్నాటికి ఉంచితే పురుగులు పట్టిన మన్నా, ఆ ఒక్క రాత్రి చెడిపోలేదు. సువార్తల్లో విశ్రాంతి దినానికి ముందురోజును "సిద్ధపరచు దినము" అనే అన్నారు. మనం విశ్రాంతి దినం గురించి ప్రసంగాలు చాలా విన్నాం, సిద్ధపరచు దినం గురించి ఒక్క ప్రసంగం విన్నట్టు నాకు గుర్తులేదు.

శనివారం సాయంత్రం ఏం ముగించాలి

మా ఇంట్లో ఇలా జరిగేది. శనివారం నాలుగు గంటల నుంచి ఏడు గంటల దాకా అందరూ పనిలో ఉండేవాళ్లు. పిల్లలు హోంవర్కు ముగించి సోమవారం సంచి సర్దేసేవాళ్లు. సంచి సర్దింది ఆదివారానికి కాదు, సోమవారానికి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆదివారం సాయంత్రం ఇంటిమీద వాలే ఆ దిగులు సగం పోవడానికి కారణం ఇదే. యూనిఫాంలు ఇస్త్రీ అయి కొక్కేనికి వేలాడేవి. చర్చి బట్టలు, బైబిళ్లు, పాటల పుస్తకం, కానుక డబ్బులు గుమ్మం పక్కన బల్లమీద పెట్టేవాళ్లం. మా అమ్మ వారమంతా ప్రతిపూటా బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేసేది, ఆదివారం గుడికి, అంటే చర్చికే, తీసుకెళ్లడానికి. ఆ బియ్యం పోసిన సంచి కూడా శనివారమే మూతి కట్టి గుమ్మం దగ్గర పెట్టేది. అది చూస్తే పిల్లలకు రేపు ఆదివారం అని తెలిసిపోయేది.

ఇడ్లీపిండి శనివారం రుబ్బి ఉంచితే పొద్దున ఇడ్లీ రేకులు పెట్టి స్నానానికి వెళ్లొచ్చు. చట్నీ బదులు కారప్పొడి, నెయ్యి. సంస్కారపు ఆదివారం, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల ఉండే ఆదివారం, ఉపవాసంతో వెళ్లేవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఆ పనీ సగం తగ్గుతుంది. చిన్నపిల్లల్ని మాత్రం ఆకలితో తీసుకెళ్లకండి. ఖాళీ కడుపుతో ఉన్న నాలుగేళ్ల బాబు పన్నెండు గంటలకు ఏడవడం అల్లరి కాదు, ఆకలి.

మీకు శనివారం కూడా సెలవు ఉంటుందని రాశారు. మా కాలంలో శనివారం బడి ఉండేది. కాబట్టి ఇది మీకు నాకంటే తేలిక. కానీ శనివారం షాపింగులకూ సినిమాకూ పోతే సాయంత్రం ఈ మూడు గంటలు దొరకవు. ఏదో ఒకటి వదులుకోవాలి, తప్పదు.

ఇక వంట సంగతి

ఇక్కడే నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. పది ఆజ్ఞల్లో నాలుగోది మనమందరం కంఠతా చెబుతాం. "విశ్రాంతిదినమును పరిశుద్ధముగా ఆచరించుటకు జ్ఞాపకముంచుకొనుము." దాని కిందే ఎవరెవరు పనిచేయకూడదో వరుసగా రాసి ఉంది. నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో ఇదే ఆజ్ఞ మళ్లీ వచ్చినప్పుడు నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలని కారణం కూడా చెప్పాడు. ఎద్దుకు కూడా సెలవు ఇచ్చిన ఆజ్ఞ ఇది. మన ఇళ్లలో ఆదివారం కాడి దిగనిది వంటింట్లో ఉన్న స్త్రీకే. చర్చినుంచి వచ్చి మగవాళ్లు చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చుంటారు, ఆడవాళ్లు చర్చి చీరతోనే పొయ్యి ముందుకు వెళతారు. నేనూ వెళ్లాను. ఇది పరిశుద్ధంగా ఆచరించడం ఎలా అవుతుంది?

మా వాళ్లకు ఈ ఆదివారం ఊరికే రాలేదు. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాక, మా ప్రాంతంలో కొత్తగా నమ్ముకున్న మాదిగ కుటుంబాలకు ముందుగా చెప్పిన కట్టడలు మూడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడింటిలో మొదటిదే కూడు పోగొట్టేది. చెప్పులు కుట్టాలన్నా, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావికి తోలుబాన కట్టాలన్నా రైతు పిలిచిన రోజు పోవాల్సిందే గానీ "ఇవాళ రాను" అనే మాట అప్పటిదాకా వాళ్ల నోట లేదు. ఆ మాట అన్నందుకు ఊళ్లో ఇబ్బందులు పడ్డారు. మా తాతయ్య ఈ సంగతి చెప్పేటప్పుడు "వారానికి ఒక్క రోజు మనం ఎవరి పాలేరూ కాదు" అనేవాడు. ఆ రోజును మనం ఇంట్లో ఆడవాళ్లకు మాత్రం ఇవ్వకపోతే ఆ పెద్దల కష్టం సగమే మనకు చేరినట్టు అని నాకనిపిస్తుంది. క్రైస్తవేతరులకు కూడా ఆదివారం సెలవు తేలిగ్గా రాలేదు లెండి. బొంబాయి మిల్లు కార్మికులకు 1890లో ఆదివారం సెలవు వచ్చిందంటే కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే గారు ఏళ్ల తరబడి పోరాడితేనే.

సరే, అసలు సంగతికి వస్తాను. బిర్యానీ మానేయమని చెప్పను. నెలకు ఒక్క ఆదివారానికి ఉంచుకోండి, ఆ రోజు మీవారితో కలిసి చేయండి. మిగతా ఆదివారాలకు శనివారం వండితే ఆదివారానికి రుచి పెరిగే వంటలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. చేపల పులుసు అన్నిటికంటే ముందు. మా వైపు మామిడికాయ వేసి చేస్తే మర్నాటికి ముక్కకు పులుపు పట్టి ఎంత బావుంటుందో చెప్పక్కర్లేదు. ఉలవచారు అంతే. గోంగూర మాంసం కూడా రాత్రికి ఊరితేనే బావుంటుంది. కోడికూరే కావాలంటే శనివారం రాత్రి ముక్కలకు ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి, ఆదివారం అరగంటలో అయిపోతుంది. ఇంకో లాభం, ఆదివారం పొద్దున్నే చికెన్ కొట్టు ముందు వరుసలో నిలబడే పని మీవారికి తప్పుతుంది. చర్చికి ఆలస్యం అవడానికి సగం ఇళ్లలో కారణం అదే.

ఒక కూర, అన్నం, పెరుగు. అంతే. తోడుగా అప్పడాలు వేయించాలనిపిస్తుంది, వేయించకండి. విస్తరాకులు వాడండి, గిన్నెలు తగ్గుతాయి. పనిమనిషి ఉన్నట్టు రాశారు, ఆమెకు ఆదివారం జీతం కోత లేకుండా సెలవివ్వండి. నేను పైన రాసిన ఆజ్ఞలో ఆమె కూడా ఉంది. మీరు విశ్రాంతి తీసుకోవడానికి ఆమె వచ్చి అంట్లు తోమితే పని ఒక భుజం మీదనుంచి ఇంకో భుజానికి మారిందంతే. మొదట్లో నేను ఇది గమనించలేదు. మా పనమ్మాయి ఒకసారి "మీరు గుడికి పోతారు గదమ్మా, నేను ఏ రోజు పోవాల" అని మామూలుగానే అడిగింది. ఆ మరుసటి వారం నుంచే ఆదివారం పని మాన్పించాను.

అత్తగారికి ఎలా చెప్పాలి అని కూడా మీరు అడిగారు. ఆమెతో బిర్యానీ గురించి వాదించకండి. "అత్తయ్యా, మీ చిన్నప్పుడు ఆదివారం ఏం వండేవాళ్లు?" అని అడగండి. ఆ తరానికి వారం వారం బిర్యానీ ఎక్కడిది? పప్పుచారు, ఎండుచేప, మహా అయితే ఇంట్లో పెంచిన కోడి. ఆమె చెప్పిన వంటే ఒక శనివారం ఆమె పక్కన కూర్చుని నేర్చుకోండి. మా అత్తగారి విషయంలో నాకు ఇదే పనిచేసింది. తన చేతి వంట శనివారం రాత్రి కుండలో కూర్చున్నాక ఆదివారం ఆమె ఇంకేమీ అడగలేదు.

చర్చిలో గడిపే సమయం

పాప మొహం ముడుచుకుంటోందన్నారు కదా. చర్చి అంటే ఇష్టం లేదని అప్పుడే తీర్మానించకండి. చాలాసార్లు పిల్లలకు ఇష్టం లేనిది చర్చికి ముందు జరిగే అరగంట. అది సర్దుకున్నాక మూడు నాలుగు వారాలు చూడండి.

రెండున్నర గంటల ఆరాధనలో నాలుగేళ్ల బాబు కదలకుండా కూర్చోవాలని ఆశపడకండి. వాడికోసం చిన్న గుడ్డ సంచి కుట్టి అందులో ఒక నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు, నీళ్ల సీసా, గుప్పెడు మరమరాలు పెట్టండి. ఫోను ఇవ్వకండి. ఫోను చేతికిస్తే వాడు కదలడు, నిజమే, కానీ పాటప్పుడు తలెత్తడు కూడా. పాటల వరకు మీ ఒళ్లో నిలబెట్టి చప్పట్లు కొట్టించండి, ప్రసంగంలో నిద్రపోతే పోనివ్వండి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగితే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. పౌలు అతన్ని కోప్పడలేదు, కిందికి దిగి కౌగిలించుకున్నాడు. మా సండే స్కూల్లో నిద్రపోయిన పిల్లలకు నేను ఈ కథే చెబుతాను.

ఇంటికొచ్చే దారిలో "ఇవాళ అయ్యగారు ఏం చెప్పారు?" అని పరీక్ష పెట్టకండి. టీచరును కాబట్టి నేను ఆ తప్పు చాలా ఏళ్లు చేశాను. పిల్లలు రెండు ముక్కలు గుర్తుపెట్టుకుని అప్పజెప్పి, మిగతా ప్రసంగమంతా ఆ పరీక్ష భయంతోనే కూర్చునేవాళ్లు. ఇప్పుడు మా మనవలతో ముందు నేనే చెబుతాను, "నాకు ఇవాళ ఫలానా పాట రెండో చరణం దగ్గర కళ్లలో నీళ్లొచ్చాయి" అని. వాళ్లకు చెప్పాలనిపిస్తే చెబుతారు.

మీవారు కాయిర్లో ఉన్నారు, యూత్ మీటింగులూ ఆయనే చూస్తారు, మీరు స్త్రీల సమాజంలో కోశాధికారి అని రాశారు. ఇద్దరికీ కలిపి ఆదివారం మూడు బాధ్యతలు లెక్కపెట్టాను. చాలా ఎక్కువ. పిల్లలు చిన్నగా ఉన్నంత కాలం ఒక్కొక్కరికి ఒక్కటే బాధ్యత. పాస్టరుగారికి ఇద్దరూ కలిసి వెళ్లి చెప్పండి. సరైన కాపరి దీన్ని తప్పు పట్టడు. ఎందుకంటే వాళ్లింట్లో ఆదివారం ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. నాకు తెలిసిన ఒక పాస్టరమ్మగారు సోమవారం తలుపు వేసుకుని పిల్లలు బడినుంచి వచ్చాక నలుగురూ కలిసి భోంచేసేవాళ్లు. వాళ్ల ఆదివారం అది. సంఘస్థులు సోమవారం వాళ్లింటికి వెళ్లకుండా ఉండడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది.

భోజనం తర్వాత రెండు గంటలు

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. భోజనం అయ్యాక ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద పెట్టేయండి. నాలుగున్నర దాకా. మీ ఇద్దరిలో ఎవరికైనా ఆఫీసు ఆన్‌కాల్ ఉన్న వారం ఆ ఒక్క ఫోను మోగేలా ఉంచండి, కానీ దాన్ని చేతిలో పట్టుకుని కూర్చోకండి. హాల్లో చాప పరిచి అందరూ నడుం వాల్చండి. మా ఇంట్లో పిల్లలు నిద్రపోకపోయినా ఫరవాలేదు, చాప మీద ఉండాలి, అదొక్కటే నియమం. మా మామగారు కళ్లు మూసుకునే చిన్నప్పటి సంగతులు చెప్పేవారు. సంఘానికి సొంత గుడి లేక వేపచెట్టు కింద కూడుకున్న రోజులు, పొలం పనులు ముగిశాక రాత్రిపూట లాంతరు పెట్టుకుని చేసిన ఆరాధనలు, వేసవిలో నడిచివెళ్లిన సువార్త కూడికలు. మా చిన్నవాడు ఏదీ వింటున్నట్టు కనిపించేవాడు కాదు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, ఆ కథలన్నీ పేర్లతో సహా వాళ్లకు చెబుతున్నాడు. మీ అత్తగారు ఇంట్లో ఉన్నారు కదా. ఆ రెండు గంటల్లో ఆమెకంటే పెద్ద ఆస్తి మీ ఇంట్లో లేదు.

ఎండ తగ్గాక అష్టాచెమ్మా, కారమ్స్, లేకపోతే దగ్గర్లో ఉన్న పార్కు. ఒంగోలు వచ్చాక మేము నెలకోసారి కొత్తపట్నం సముద్రం దాకా వెళ్లేవాళ్లం. మరో ఆదివారం సంఘంలో మంచం పట్టిన ఒక పెద్దాయన దగ్గరకో, ఒంటరిగా ఉన్న ఒక అమ్మమ్మ దగ్గరకో పిల్లల్ని తీసుకెళ్లి ఒక పాట పాడి వచ్చేవాళ్లం. పావుగంటకు మించి కూర్చోలేదు ఎక్కడా. విశ్రాంతి అంటే పడుకోవడమే అనుకోకండి. ఆ అమ్మమ్మ మా పిల్లల చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపేది, వాళ్లు దారంతా చీకుతూ వచ్చేవాళ్లు.

రాత్రి కుటుంబ ప్రార్థన పది నిమిషాలు చాలు. 92వ కీర్తన పైన అది విశ్రాంతి దినానికి తగిన పాట అని రాసి ఉంటుంది. నెలకోసారైనా అది చదవండి. ఒక్కొక్కరూ ఈ వారం జరిగిన ఒక మేలు చెప్పాలి, చిన్నదైనా సరే. మా చిన్నవాడు చాలా వారాలు "రబ్బరు దొరికింది" అనే చెప్పాడు. దొరికింది కాబట్టే కదా చెప్పాడు.

కొన్ని జాగ్రత్తలు

ఇదంతా చదివి దీన్ని చట్టం చేయకండి. మా మేనత్త ఇంట్లో ఆదివారం పిల్లలు ఆడకూడదు, పేపరు చదవకూడదు, గట్టిగా నవ్వకూడదు. ఆమె మంచి విశ్వాసి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆమె పిల్లల్లో ఇద్దరు పెద్దయ్యాక చర్చి గడప తొక్కలేదు. విశ్రాంతి దినం మనుషుల కోసం నియమించారు గానీ మనుషుల్ని విశ్రాంతి దినం కోసం కాదని ప్రభువే అన్నాడు, మార్కు సువార్త 2వ అధ్యాయంలో. పాలు విరిగిపోతే కొట్టుకు వెళ్లి తెచ్చుకోండి. చుట్టాలు చెప్పకుండా వస్తే ఉన్న చేపల పులుసే అందరికీ వడ్డించండి, ఇంకో కూర వండకండి. వచ్చినవాళ్లు మనల్ని చూడ్డానికే వచ్చారు.

ఆదివారం డ్యూటీలు ఉన్న ఇళ్లకు ఇది వేరుగా ఉంటుంది. మావారికి నెలలో రెండు ఆదివారాలు డ్యూటీ పడేది. మన సంఘాల్లో నర్సులు చాలామంది, వాళ్లకూ అంతే. మా సండే స్కూల్లో ఒక పాప తల్లి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ ముగించి అదే తెల్లచీరతో ఆరాధనకు వచ్చి వెనక వరుసలో కూర్చునేది. ఆమెకు నేను చెప్పింది, ఆదివారం పోతే పోనీ, వారంలో మీకు దొరికే సెలవు రోజును ఇంట్లో అందరూ ఆదివారంలా చూడండి అని. మేమూ అలాగే చేశాం. మావారి సెలవు బుధవారం పడితే బుధవారం సాయంత్రమే చాప పరిచేవాళ్లం, పాట పాడేవాళ్లం. ఆయన లేని ఆదివారం నేనూ పిల్లలూ గుడికి వెళ్లి వచ్చి, ఆయన వంతు కానుక ఆయన పేరున వేశామని చెప్పేవాళ్లం.

మీ పాప ఇంటర్‌కు వచ్చేసరికి ఇంకో ఇబ్బంది వస్తుంది, ఇప్పటినుంచే చెబుతున్నాను. మన రాష్ట్రాల్లో చాలా కాలేజీలు ఆదివారమే పరీక్షలు పెడతాయి. మా రెండో అమ్మాయికి రెండేళ్లూ అలాగే గడిచింది. మేము కాలేజీతో మాట్లాడి చూశాం, మారలేదు. అప్పుడు సాయంత్రం ఆరాధనకు మార్చుకున్నాం. పరీక్ష రాసి వచ్చిన పిల్లకు మార్కుల మాట ఎత్తకుండా అన్నం పెట్టి చాప మీద పడుకోబెట్టేదాన్ని. ఆ రెండేళ్లలో దానికి ఎక్కువ గుర్తున్నది ఆ చాపేనట.

చివరగా మీవారి గురించి. ఈ జవాబు ఆయన చేత కూడా చదివించండి. శనివారం సాయంత్రం మూడు గంటల పని మీ ఒక్కరి మీదే పడితే ఆదివారపు అలసట శనివారానికి మారుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఇస్త్రీ ఆయనకు, హోంవర్కు ఇద్దరికీ, సంచులు పిల్లలకు, వంట మీకూ అత్తగారికీ. ఇలా పంచుకున్న మొదటి రెండు వారాలు గందరగోళంగానే ఉంటుంది, ఇస్త్రీ మడతలు వంకరగా వస్తాయి. మళ్లీ మీరు తీసుకుని సరిచేయకండి. వంకర మడతతోనే బడికి పంపండి.

ఈ శనివారం చేపల పులుసుతో మొదలుపెట్టండి. వీలైతే మట్టికుండలో పెట్టండి. చింతపండు పులుసు ముందు బాగా మరిగించి, ముక్కలు ఆఖరున వేయండి. వేశాక గరిట పెట్టకండి, కుండనే పట్టుకుని తిప్పండి. పూర్తిగా చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆదివారం గుడినుంచి రాగానే సన్నని సెగ మీద వెచ్చబెడితే చాలు, ఈలోగా కుక్కర్లో అన్నం అవుతుంది.